వేలిముద్ర వేయనన్న ఆమె

ఆదిలాబాద్‌లో ఒక ఆస్పత్రిలో, ఆడవాళ్ల వార్డులో నేను పదకొండేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ఆపరేషన్‌కు ముందు రోజు ఒప్పుకోలు కాగితం మీద సంతకాలు తీసుకోవడం నా పనే. చదువు రానివాళ్లయితే ఎడమచేతి బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద నొక్కి, దూదితో తుడిచేదాన్ని. మొత్తం అర నిమిషం పట్టేది. ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పిన రోజులు చాలా తక్కువ. అది డాక్టర్లకూ మాకూ రక్షణ అనుకునేదాన్నే గాని, మంచం మీద పడుకున్న మనిషి కోసం పెట్టిన కాగితమని నాకెప్పుడూ తోచలేదు.

ఒక వానాకాలం ఉట్నూరు అవతలి గూడెం నుంచి ఒక గోండు ఆమె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. అండాశయం మీద పెద్ద నీటిగడ్డ, నెలల తరబడి నొప్పి. వెంట వచ్చిన భర్తకు సంతలో మాట్లాడుకునేంత తెలుగు వచ్చు. నేను ఏం చెప్పినా తల ఊపుతున్నాడు. మరునాడే ఆపరేషన్. నేను ప్యాడ్ తెరిచి ఆమె చెయ్యి అందుకున్నాను. ఆమె బొటనవేలిని లోపలికి మడిచి పిడికిలి బిగించింది.

"ఏం కాదమ్మా, జర వేలియ్యి" అన్నాను.

పిడికిలి ఇంకా బిగిసింది. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ వేళ్లు విడదీయాలని చూశాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. నా ముఖంలోకే చూస్తూ వాళ్ల మాటలో ఏదో అంది.

"నాది పట్టుకో సిస్టర్, నేనేస్త" అన్నాడు భర్త. అతని వేలిని ప్యాడ్ మీద అద్దాను కూడా.

అప్పుడు పక్క మంచం కింద తడిబట్ట పెడుతున్న అక్క లేచి నిలబడింది. మా వార్డు ఊడ్చి తుడిచే మనిషి, అందరం అక్క అనే పిలిచేవాళ్లం. నాకంటే ముందు నుంచీ అక్కడే పనిచేస్తోంది.

"సిస్టరమ్మా, ఆమె వద్దంటలేదు. ఏం కోస్తరో చెప్పుండ్రి అంటుంది. పొద్దటి సంది గదే అడుగుతుంది."

"నీకెట్ల తెలుసు?"

"మా మాటే గద. నేను గోండోల్ల బిడ్డనే."

"మరి ఇన్నేండ్ల సంది చెప్పకపోతివి?"

"మీరు అడగకపోతిరి" అంది అక్క, ఏ నిష్ఠూరం లేకుండా.

భర్త వేలికి దూది ఇచ్చి, స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. అక్క అడుగుతూ, విని నాకు తెలుగులో చెబుతూ వచ్చింది. వాళ్ల గూడెంలో ఒకామె కడుపునొప్పి అని ఎక్కడికో పోయి ఆపరేషన్ చేయించుకుని వచ్చిందట. గర్భసంచి తీసేశారని రెండేళ్ల తర్వాత గాని ఆమెకు తెలియలేదట. "నాకు ఒక్క బిడ్డనే ఉంది. నాది గూడ తీస్తరా?" ఇదీ ఈమె ప్రశ్న.

నేను కాగితం తిప్పి చదివాను. గడ్డ తొలగింపు, అవసరమైతే ఇతర శస్త్రచికిత్సలు అని ఉంది. ఆ 'అవసరమైతే' అన్న మాటలో ఏమేం పడుతుందో నాకే తెలియదు. నాకు తెలియదన్న మాటే అక్క చేత ఆమెకు చెప్పించి, డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"సిస్టర్, రేపటి లిస్టు నిండింది. ఒక్క వేలి నిశానీకి గింత సేపా?" అందామె.

"గర్భసంచి తీస్తరా అని అడుగుతుంది మేడమ్. నాకు తెల్వదు. మీరే చెప్పాలె."

డాక్టరమ్మది చిన్న వయసు. పొద్దుటి నుంచి మూడు వార్డులు తిరుగుతోంది. కసురుతుందేమోనని నిలబడ్డాను. పెన్ను మూత పెట్టి, నా వెనకే వచ్చింది. కేసు షీటు వెనక గర్భసంచి, అటూ ఇటూ అండాశయాలు, ఒకదాని మీద గడ్డ బొమ్మ గీసింది. అక్క తుడుపు కర్రను గోడకు ఆనించి ఒక్కొక్క మాటా చెప్పింది.

"నేను గడ్డ ఒక్కటే తీస్త. లోపల ఇంకేమన్న కనబడితే ఏం చేయమంటదో అడుగు."

"కుట్టేసి నన్ను లేపుమను. లేచినంక చెప్త అంటుంది."

డాక్టరమ్మ నవ్వబోయి ఆగింది. "నెత్తురు ఆగకపోతే? పానం మీదికొస్తే?"

ఆమె బొమ్మలోని గర్భసంచి మీద వేలు పెట్టి అక్కతో మాట్లాడింది. తర్వాత అక్క చెప్పింది: "గప్పుడు పానమే చూడుమంటుంది. గది తప్ప ఏదైన తనను అడిగినంకనే అంటుంది."

డాక్టరమ్మ ఆ అచ్చు వాక్యం కొట్టేసి, పక్కన ఈ మాటలు రాసి సంతకం చేసింది. గోండు ఆమె ఆలోచించుకోవడానికి ఒక రోజు గడువు అడిగితే, లిస్టులో ఒక రోజు వెనక్కి జరిపింది.

ఆ సాయంత్రం మందులిస్తుంటే ఆమె నన్ను అడిగించింది అక్క చేత, నీకేమన్నా ఆపరేషన్ అయిందా అని. అయింది. నస్పూర్‌లో గని కార్మికుల క్వార్టర్లలో ఉన్న రోజుల్లో, నా రెండో కాన్పు సిజేరియన్. అప్పుడే పిల్లలు కాకుండా కూడా చేశారు. మా అత్త సంతకం పెట్టింది. కుట్లు విప్పిన రోజు గాని నాకు తెలియలేదు. నర్సు చదువు చదివినదాన్ని, అయినా నన్నెవరూ అడగలేదు. ఇది అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోవాల్సిన సంగతని కూడా అనుకోలేదు. అక్క ఆ మాటలు ఆమెకు చెప్పింది. విన్నాక, ఆమె తన కాళ్లు కాస్త జరిపి, మంచం మీద కూర్చోమన్నట్టు చేత్తో తట్టింది. కూర్చున్నాను.

మరునాడు పొద్దున వేలిముద్రకు తానే చెయ్యి చాపింది.

ఆపరేషన్ రోజు నాకు పని మీద మనసు నిలవలేదు. ఎన్ని వందల మందిని లోపలికి పంపానో, ఎవరి కోసమూ గుండె ఇంతగా కొట్టుకోలేదు. ఈసారి మాట ఇచ్చాం కదా. థియేటర్ బయట ఆమె భర్త పక్కనే నిలబడ్డాను. తలుపు తీసి డాక్టరమ్మ మాస్కు కిందికి లాగింది.

"గడ్డ ఒక్కటే సిస్టర్. మిగతదంత మంచిగుంది. ఏం ఫికర్ లేదు."

నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. ఏదో చెడు జరిగిందనుకుని భర్త పరేషాన్ అయ్యాడు. అక్క అతనికి వాళ్ల మాటలో చెబితే అక్కడే కింద కూర్చుని తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. మెలకువ వచ్చాక ఆమె ఎండిన పెదాలతో ఏదో అడిగింది. అక్క వంగి చెవిలో చెప్పింది. ఆమె కళ్లు మూసుకుని మళ్లీ నిద్రపోయింది.

మూడు వారాలకు చూపించుకోవడానికి వచ్చింది. నడకలో బరువు పోయింది. కుట్ల దగ్గర దురద తప్ప ఏమీ లేదట. వెంట ఇంకో ఆమెను తీసుకొచ్చింది. "డాక్టర్‌ను ఏమేం అడగాల్నో దారి పొంట అన్నీ నేర్పించిందట" అని అక్క నవ్వుతూ చెప్పింది. ఆ కొత్తామె అప్పటికే కేసు షీటు వెనక్కి తిప్పి, బొమ్మ ఏదని నన్ను సైగతో అడుగుతోంది. నేను డాక్టరమ్మను పిలవడానికి లేచాను.