చెయ్యి ఇడవద్దండప్పా

డెబ్బైల్లో పుంగనూరులో మాకు ఇంటర్ చెప్పిన కెమిస్ట్రీ సారు ఏ బంధాన్నైనా పిల్లల చేతులు కలిపే చూపించేవారు. కార్బన్, సిలికాన్ ఒకే కుటుంబం కదా, మరి ఆక్సిజన్‌తో కలిస్తే ఒకటి గాలిగా, ఇంకొకటి రాయిగా ఎందుకు మారతాయని ఒకరోజు ఎవరో అడిగారు.

ఆక్సిజన్‌కు రెండు చేతులు చాలు, కార్బన్‌కూ సిలికాన్‌కూ నాలుగేసి కావాలి. అందుకని సారు కార్బన్, సిలికాన్ అయినవాళ్ల మెడల్లో తువ్వాళ్లు వేసి, వాటి కొనలను కూడా చేతులుగానే లెక్కగట్టారు. సన్నటి కార్బన్‌కు అటొక ఆక్సిజన్, ఇటొక ఆక్సిజన్ అతుక్కుని, చెయ్యీ తువ్వాలు కొనా రెండూ పట్టుకున్నారు. నేను సిలికాన్‌ని. నా పొట్ట అడ్డమొచ్చి ఎవరికీ రెండూ అందలేదు. అందుకని నలుగురు ఆక్సిజన్లు తలా ఒకటి పట్టుకుని, రెండో చేత్తో ఇంకో బొద్దు సిలికాన్‌ని పట్టుకున్నారు. క్లాసంతా ముడిపడింది.

"చెయ్యి ఇడవద్దండప్పా!" సారు మురిసిపోయారు.

ఇంతలో బెల్లు కొట్టారు. కార్బన్ జట్టు ముగ్గురూ తుర్రుమని పోయి మదనపల్లె బస్సెక్కేశారు. చెయ్యి వదిలే ధైర్యం లేక మేమంతా తలుపులో ఇరుక్కున్నాం.

"బస్సు పోతాండాది సార్!"

"పోనీండప్పా. రాయి యాడికి పోతాది?"

ఇప్పటికీ కుప్పం గ్రానైట్ లారీ ఎదురైతే, పాపం, ఆ బండలో ఎంతమందికి బస్సు తప్పిందో అనుకుంటాను.