మూడో గడప

శిక్షణ మైదానం మధ్యలో ప్లైవుడ్డుతో కట్టిన ఉత్తుత్తి ఇల్లు ఒకటుండేది. యుద్ధానికి బయల్దేరే ప్రతి దళమూ గదులు సోదా చేయడం అందులోనే నేర్చుకోవాలి. నేర్పేవాణ్ని అందరూ ఉస్తాదనేవారు. పదకొండేళ్లుగా అవే గోడలు, అవే గుమ్మాలు. మూడో గుమ్మానికి మాత్రం జానెడెత్తు గడప.

ఈసారి దళంలో ఆయన మేనల్లుడూ ఉన్నాడు. ప్రయాణం ఇంకా తొమ్మిది రోజులుందనగా ఇద్దరూ అక్కగారింటికి భోజనానికెళ్లారు. వీధి గుమ్మం, హాలు గుమ్మం దాటి వంటగదిలోకి వస్తూ కుర్రాడు లేని గడప మీంచి కాలెత్తి వేశాడు.

"ఏరా, ఆ కొంగ నడకేంట్రా?" అక్క పగలబడి నవ్వింది.

"మూడో గుమ్మం కదమ్మా, కాలు దానంతటదే లేస్తుంది!"

ఉస్తాదు ఆ చదును నేల వంక చూశాడు. ఇన్నాళ్లూ తను నేర్పింది పోరాటం కాదు, ఆ ఇల్లు.

మర్నాడు మేజరు ముందు నిలబడ్డాడు. "రోజూ గోడలు మార్చనివ్వండి సార్."

"టైమో?"

"మొదట్లో రెట్టింపవుతుంది సార్."

"గురువారం తనిఖీ. సోదా నాలుగు నిమిషాలు దాటితే నాకు చీవాట్లు. పోనీ, దాటితే వీళ్ల ప్రయాణం ఆగుతుందా? ఆగదు. నువ్వే ఆగుతావు. నీ చోట ఇంకొకడొచ్చి ఇదే ఇంట్లో ఇదే పాఠం చెప్తాడు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా బుధవారం సాయంత్రం సుత్తి పట్టుకుని ఒక్కడే గడప ఊడదీశాడు. రెండు గోడలు జరిపాడు. వాకిలికడ్డంగా ఓ ఇనుప బీరువా ఈడ్చిపెట్టాడు.

తనిఖీలో ఏడు నిమిషాలు పట్టింది. లేని గడప దాటబోయి తూలిన మేనల్లుడి ఛాతీ మీద ఉత్తుత్తి శత్రువు రంగు తూటా పేలింది.

ఆ పూటే ఉస్తాదుని బూట్ల స్టోరుకి మార్చారు. గోడలు మళ్లీ పాత చోటికొచ్చాయి, గడపతో సహా. స్టోరు కిటికీలోంచి ఈల వినపడేది, వెనకే కేక: "మూడు నిమిషాల యాభై!"

బయల్దేరే రోజు పొద్దున్నే దళం కొత్త బూట్ల కోసం వచ్చింది. స్టోరులో వరసగా మూడు గదులు, ఆయన బల్ల చివరిదాంట్లో. ముందొచ్చిన మేనల్లుడు మూడో గుమ్మం దగ్గర ఆగాడు. తలొంచి నేల చూసి, అప్పుడు అడుగు వేశాడు.

"మిగతావాళ్లకి చెప్పావురా?"

"చెప్పా మామయ్యా. మీ మామ చాదస్తం నీకూ అంటిందంటున్నారు."

వాడి వెనకాల పదకొండుమందీ ఒకరి తర్వాత ఒకరు లేని గడప మీంచి కాలెత్తి లోపలికొచ్చారు.