కొట్టేసిన మాట

నా దగ్గర ఇప్పటికీ ఒక నోటుపుస్తకం ఉంది. అందులో ప్రతి పేజీనీ నిలువు గీతతో రెండు భాగాలు చేశాను. ఎడమవైపు పైన 'తప్పు' అనీ, కుడివైపు పైన 'ఒప్పు' అనీ ఎర్ర సిరాతో రాశాను. ఎడమవైపు ఉన్నవన్నీ మా నాన్న మాటలు. కుడివైపువి పుస్తకాలలోని మాటలు. ఏటి, ఏమిటి. బేగి, త్వరగా. కూకో, కూర్చో. సదువు, చదువు. తెలుగు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదని అప్పట్లో నిజంగానే నమ్మాను. ఆ శీర్షికలు చూసి ఆయన నొచ్చుకుంటారేమోనన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఆయనకు చదవడం రాదు కదా.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇరవై ఏళ్లకే భిలాయి వచ్చారు. ఉక్కు కర్మాగారంలో ఖలాసీగా చేరి, ఖలాసీగానే పదవీ విరమణ చేశారు. ఖలాసీ అంటే బరువులెత్తించే మనిషి. గొలుసులు బిగించి, క్రేన్ నడిపేవాడికి కేకతోనూ చేతితోనూ సైగలిస్తూ టన్నుల కొద్దీ ఇనుమును చోటు మార్చడం ఆయన పని. ఆ పనిలో మాటకు ప్రాణమంత విలువ. 'ఆరియా' అంటే దించమని అర్థం. ఎత్తవలసిన సమయంలో ఆ మాట నోరు జారితే కింద ఉన్న మనిషి మిగలడు. అందువల్ల ఆయన గ్యాంగులో ఒక పద్ధతి ఉండేది. బరువు ఒరిగినా, గొలుసు జారినా, అప్పుడు మాట చెప్పినవాడు తక్షణం చెయ్యెత్తి "నాదే" అనాలి. తప్పు ఎవరిదని వెతుకుతూ నిలబడితే ఈలోగా రెండో గొలుసు కూడా జారుతుందని ఆయన చెప్పేవారు.

నా కల ఎక్కడ మొదలయిందో నాకు స్పష్టంగా తెలుసు. నాకు ఎనిమిదేళ్లు. దుర్గ్‌లో రైలెక్కి నాన్నమ్మ దగ్గరికి వెళ్తున్నాం. తెల్లవారాక ఏదో స్టేషన్‌లో బండి ఆగింది. "ఏ ఊరే ఇది? సదివి సెప్పు," అన్నారు నాన్న. బోర్డు మీద మొదటి వరసలో గుండ్రటి అక్షరాలు ఉన్నాయి. వాటిని వదిలేసి, కింద ఉన్న హిందీ వరస చదివాను.

ఎదుటి సీటులోని పెద్దమనిషి నన్ను చూసి నవ్వాడు. "తెలుగోళ్ల గుంటే కదేటి? మన అచ్చరాలు దాటేసి కిందవి సదువుతాదేటండి?"

నాన్న కూడా నవ్వారు. "దానికి హిందీ సదువండి. నాకు ఏ సదువూ లేదు."

ఆయన నవ్వగలిగారు. నేను నవ్వలేకపోయాను. విజయనగరం దాటేదాకా కిటికీ నుంచి ముఖం తిప్పలేదు. తెలుగు చదవడమే కాదు, ఒకనాటికి బోర్డు ముందు నిలబడి నాలాంటి పిల్లలకు నేర్పాలని ఆ ప్రయాణంలోనే నిశ్చయించుకున్నాను. అందరికీ ఇది చిన్న కలలాగే కనిపించవచ్చు. నాకు అంతకంటే పెద్దది ఇంకొకటి కలగలేదు.

దుర్గ్ కళాశాలలో హిందీ మాధ్యమంలో బి.ఏ. పూర్తి చేశాను. మా ఇంట్లో పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. భిలాయి పవర్ హౌస్ స్టేషన్ నుంచి రోజూ లోకల్ బండిలో వెళ్లేదాన్ని. కూర్చోవడానికి చోటు దొరికితే మొదటి తరగతి వాచకం తెరిచేదాన్ని. దొరక్కపోతే నిలబడి ఎడమ అరచేతిలో వేలితో ళ, ణ, ఱ రాసుకునేదాన్ని. టీవీలో వార్తలు పెట్టుకుని, చదివేవారి వెనకే మెల్లగా పలికేదాన్ని. ఆ తర్వాత దూరవిద్యలో తెలుగు పరీక్షలు కూడా రాశాను.

మాటలు మాత్రం నాన్న దగ్గరే అడగవలసి వచ్చేది. పని నుంచి వచ్చి కంచం ముందు కూర్చోగానే, "ఇవాళ ఏ మాట కావాలి మేస్టారమ్మా?" అని ఆయనే మొదలుపెట్టేవారు. ఒకటి అడిగితే నాలుగు చెప్పేవారు. చెబుతూ చెబుతూ అన్నం కలపడం మరిచిపోతే అమ్మ విసుక్కునేది. "ముందు కూడు తిను బాబూ. నీ మాటల్తో దాని కడుపు నిండుతాది గాని నీ కడుపు నిండదు." నేను ఆ మాటలన్నీ శ్రద్ధగా ఎడమవైపు రాసుకునేదాన్ని.

నాలుగేళ్ల క్రితం, మా తెలుగువాళ్ల సంఘంలో ఆదివారం బడి నడిపే పంతులమ్మగారు ఆంధ్రకు వెళ్లిపోయారు. ఆ స్థానానికి ఇద్దరం ముందుకు వచ్చాం. రెండో ఆవిడ గోదావరి జిల్లా నుంచి వచ్చిన కోడలు. ఆవిడ మాట్లాడుతుంటే నా నోటుపుస్తకంలో కుడివైపు వరస వింటున్నట్టు ఉండేది. సంఘం పెద్ద, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు. ఇద్దరూ తల్లిదండ్రుల ముందు అయిదు నిమిషాలు మాట్లాడాలని, ఆ తర్వాతే నిర్ణయమని ఆయన చెప్పారు.

ముందు రోజు సాయంత్రం ఆ ప్రసంగం రాస్తున్నాను. నాన్న గుమ్మం దగ్గర సైకిల్ గొలుసుకు నూనె వేస్తున్నారు.

"నాన్నా, పఢాయీని మనం ఏమంటాం?"

"సదువు. ఇంకేటంటాం?"

"అది కాదు, పెద్ద మాట కావాలి."

"సదువు కన్నా పెద్ద మాటేటే?"

ఆ జవాబుకు నేను నవ్వాను. 'చదువు' అని రాసి, చూసుకుని, వేదిక మీద పలకడానికి మరీ ఇంటి మాటలా ఉందనిపించి కొట్టేశాను. దాని పైన 'శిక్ష' అని రాశాను. మూడేళ్లు కళాశాలలో హిందీ పుస్తకాలలో, గోడల మీద, ఉపన్యాసాలలో చదువుకు నేను చూసిన గౌరవమైన మాట అదే. సంస్కృతం నుంచి వచ్చిన మాట రెండు భాషలలోనూ ఒకటే అయి ఉంటుందని అనుకున్నాను. నిఘంటువు చేతికందే దూరంలోనే ఉంది. తెరవలేదు.

మర్నాడు సంఘం హాలులో నాన్న మూడో వరసలో, ఇస్త్రీ చొక్కాలో కూర్చున్నారు. నేను వేదిక మీద ఇలా చదివాను: "మా నాన్నగారికి శిక్ష లభించలేదు. తన బిడ్డకైనా మంచి శిక్ష పడాలని ఆయన జీవితమంతా శ్రమించారు. ఈ బడిలో ప్రతి పిల్లవాడికీ శిక్ష అందించడమే నా కల."

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. రెండు భాషలూ తెలిసినవాళ్లు కాబట్టే అంతగా నవ్వగలిగారు.

"మావాడికి రెండు శిక్షలు ఎక్కువే ఇయ్యమ్మా, మాట వినట్లేదు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"అరే భయ్యా, బడేటి, జైలేటి ఇది?" అని ఇంకొకరు అందుకున్నారు.

మాస్టారు చెయ్యి చూపి అందరినీ ఆపారు. ఆయన నవ్వలేదు. "అమ్మాయ్, తెలుగులో శిక్ష అంటే దండన. ఈ మాట నీకు ఇలా ఎవరు చెప్పారు?" అని మెల్లగా అడిగారు.

పొరపాటు పడ్డానండీ అంటే సరిపోయేది. గోదావరి ఆవిడ మొదటి వరసలో తలదించుకుని కూర్చుంది. ఆవిడ కూడా నవ్వడం లేదు. ఆ జాలి చూశాక నా కల చేజారిపోతోందనిపించింది. నా నోటి వెంట వచ్చిన మాట ఇది:

"మా నాన్నగారండీ. మా ఇంట్లో అలాగే అంటామండీ."

తలలన్నీ మూడో వరస వైపు తిరిగాయి. నాన్న అప్పటికే లేచి నిలబడ్డారు. కుడిచెయ్యి పూర్తిగా పైకెత్తారు.

"నాదేనండి. మాట నాదే. గుంట తప్పేటీ లేదండి ఇందులో."

మాస్టారు తల ఊపారు. అలాంటి ఇంటి నుంచి వచ్చి కూడా ఇంత నేర్చుకుందంటే ఈ అమ్మాయి పట్టుదల ఎంతటిదో ఆలోచించమని సభకు చెప్పారు. ఉద్యోగం నాకే వచ్చింది. నా అబద్ధం తప్పును కప్పడంతో ఆగలేదు. అదే నాకు యోగ్యత అయింది.

తిరిగి వస్తుంటే పవర్ హౌస్ మార్కెట్ దగ్గర రద్దీగా ఉంది. నాన్న సైకిల్ దిగి నడిపిస్తున్నారు. నడుస్తూనే అన్నారు.

"నానెప్పుడో అనే ఉంటాను. ఇన్నేళ్లు హిందీవోళ్లతో పన్జేసి నోరు పాడైపోనాది. నీ పని చెడిపోవాల్సింది, కొంచెంలో తప్పిపోనాది."

లేదు నాన్నా, నువ్వు అనలేదు, అని చెప్పడానికి నాకు మార్కెట్ అంత పొడవున సమయం దొరికింది. నేను చెప్పలేదు.

ఆ రోజు నుంచి కంచం ముందు "ఏ మాట కావాలి మేస్టారమ్మా" అనడం ఆగిపోయింది. నేనే అడిగినా, "నన్నడక్కు, బుక్కులో సూసుకో," అనేవారు. మా బడి పిల్లలు ఇంటికి వస్తే వాళ్లతో హిందీలోనే మాట్లాడేవారు. "బైఠో బేటా, బైఠో," అని కుర్చీలు వేసి లోపలికి వెళ్లిపోయేవారు. నాన్నకు వయసు మీద పడుతోందని నాకు నేను చెప్పుకున్నాను. ప్రతి ఆదివారం బోర్డు ముందు నిలబడి సంతోషంగానే పాఠం చెప్పాను. ఆ సంతోషాన్ని ఇప్పుడు తలచుకుంటే సిగ్గు వేస్తుంది.

ఈ వేసవిలో పిల్లల కోసం ఒక పట్టిక తయారు చేద్దామనుకున్నాను. హిందీలోనూ తెలుగులోనూ ఒకేలా ఉండి అర్థం మారిపోయే మాటలు. మొదటి మాట శిక్ష. మిగిలినవి వెతకడానికి పాత నోటుపుస్తకం తెరిస్తే, నాటి ప్రసంగం కాగితం అందులో నుంచి కింద పడింది. 'చదువు' మీద అడ్డంగా గీత. పైన నా చేతిరాతలో 'శిక్ష'.

నాన్న వరండాలో కూలర్‌లో నీళ్లు పోస్తున్నారు. కాగితం పట్టుకెళ్లి ఆయన ముందు నిలబడి మొత్తం చెప్పాను. ఆయన బకెట్టు కింద పెట్టి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని కాగితం అందుకున్నారు.

"ఇందులో నా మాటేది?"

"కొట్టేసినది."

ఆయన ఆ గీత మీద బొటనవేలు పెట్టారు. "మరి నాను సదువనే అన్నానా?"

"సదువనే అన్నావు నాన్నా."

"శిక్ష అన్లేదా?"

"ఎప్పుడూ అనలేదు."

కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "నాకు గేపకం రాలేదు. ఎంత తలుసుకున్నా రాలేదు. అయినా నువ్వు సదువుకున్నదానివి, నువ్వన్నావంటే నిజమేననుకున్నాను. నా నోటి మూలంగా నీ బతుకు పాడైపోతాదని నాలుగేళ్లయి నోరు కట్టుకుని తిరుగుతున్నానే."

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయనే నన్ను ఓదార్చవలసి వస్తుంది. అది కూడా ఆయన నెత్తిన పెట్టడం ఇష్టం లేకపోయింది.

కాగితం నాకు తిరిగి ఇస్తూ అడిగారు. "మేస్టారికి సెప్పేవా?"

"ఇంకా లేదు."

"ఒగ్గేయ్. ఇప్పుడు సెప్తే నిన్ను తీసేత్తారు."

ఆ మాట విన్న క్షణంలో నాకు కలిగినది ఉపశమనం. ఈ జ్ఞాపకం మొత్తంలో నేను ఒప్పుకోవడానికి అన్నింటికన్నా కష్టపడిన వాక్యం ఇదే. ఆయన అప్పుడు కూడా నా కలనే కాపాడుతున్నారు. నేను అప్పుడు కూడా కాపాడనిస్తున్నాను.

ఆదివారం బడి ముగిశాక మాస్టారి గదికి వెళ్లాను. నాలుగేళ్ల కిందటి సంగతి చెప్పి, ఆ తప్పు మాట నాన్నది కాదన్నాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి నుదురు రుద్దుకున్నారు.

"ఏ మాటమ్మా? నాకు జ్ఞాపకం లేదు. మీ నాన్నగారు లేచి చెయ్యెత్తడం మాత్రం గుర్తుంది. పాపం, ఆయనకు భాష రాదు కదా."

"ఆయనకు వచ్చండి. రానిది నాకు. మాట నాదేనండి."

"సరేలే, ఇప్పుడెందుకవన్నీ? పిల్లలు బాగానే నేర్చుకుంటున్నారు," అని మాస్టారు హాజరుపట్టీ నా ముందుకు జరిపారు. నా తప్పు ఎవరికీ గుర్తులేదు. నేను నాన్న మీద వేసినది మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇంటికి వచ్చేసరికి నాన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"తీసేసేరా?"

"లేదు నాన్నా."

"మరేటన్నారు?"

"ఆ మాటే గుర్తు లేదన్నారు."

"నాకు గుర్తుంది కదా," అన్నారు నాన్న. ఆ గొంతులో కోపం లేదు. వరండాలోకి నడిచి కూలర్ మూత ఎత్తి చూశారు. నీళ్లు అడుగంటాయి. నా వైపు తిరిగి, "బకెట్టు బేగి తే," అన్నారు. అని ఒక్క క్షణం ఆగి, "తొరగా" అని దిద్దుకున్నారు.