ఇంటికో గిన్నె నీళ్లు

ఏసీ కింద పెట్టిన బకెట్టులో నీటి చుక్క పడుతున్న చప్పుడు వింటూ ఇది రాస్తున్నాను. ఫుజైరాలో ఉక్కపోత మొదలైతే ఈ చప్పుడు పగలంతా ఉంటుంది. బకెట్టు ఖాళీగా ఉన్నప్పుడు టక్కుటక్కుమంటుంది, సగం నిండాక బుడుంగుమంటుంది, నిండబోతుంటే దాదాపు వినిపించదు. ఎంత నిండిందో లేచి చూడకుండానే చెప్పగలను. ఇది నాకు నేర్పింది మరియం అక్క. ఆమె నేర్పినవాటిలో అన్నిటికంటే చిన్నది ఇదే.

నాది కోనసీమలో కాలవ గట్టు మీది ఊరు. బడికి వెళ్లలేదు. పన్నెండేళ్లకే తాపీ పనికి వెళ్లి సిమెంటు మాలు మోశాను. పెళ్లయ్యాక సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలు లేస్తుంటే, ఆ సిమెంటు తొట్ల పనిలో పదేళ్లకు పైగా ఉన్నాను. మా ఆయన పోయాక, కరోనా రాబోయే ముందు చలికాలంలో, ఇంటిపనికి దుబాయ్ వచ్చాను. దుబాయ్ అనడమే గాని నేను దిగింది ఫుజైరాలో, కొండకూ సముద్రానికీ నడుమ ఉన్న ఒక పెద్ద ఇంట్లో. ఆ ఇంటి పెద్దావిడ చిన్నతనం ఆఫ్రికా తీరంలో గడిచిందట. ఆ వంటల రుచి మరవలేక, అటువైపు కొమొరోస్ దీవుల నుంచి చాలా ఏళ్ల కిందట ఒక వంటమనిషిని తెప్పించుకున్నారు. ఆమే మరియం అక్క. నాకంటే పదేళ్లు పెద్ద. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. మేము మాట్లాడుకున్నది వంటింటి అరబ్బీలో, సగం హిందీలో. ఇక్కడ ఆ మాటల్ని నా భాషలోకి మార్చి రాస్తున్నాను.

వచ్చిన మూడో రోజు వెనక వరండా కడుగుతుంటే గోడ వారన ఆరు బకెట్లు కనిపించాయి. అన్నిట్లోనూ ఏసీల నుంచి కారిన నీళ్లు. ఎందుకూ పనికిరానివనుకుని ఆరింటినీ తూములోకి కుమ్మరించి, బకెట్లు తోమి బోర్లించాను. పని బాగా చేశానని సంబరపడ్డాను కూడా. మరియం అక్క వచ్చి బోర్లించిన బకెట్ల వైపు చాలాసేపు చూసింది. తిట్టలేదు. ఒక్కొక్కటీ తిప్పి మళ్లీ ఏసీల కింద పెట్టుకుంది. మర్నాడు నేను పంపు తిప్పి వదిలేసి చేపలు కడుగుతుంటే వచ్చి కట్టేసి, అప్పుడు అడిగింది.

“మీ ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?”

“కాలవలోంచి.”

“కాలవలోకి?”

“గోదాట్లోంచి.”

“గోదాట్లోకి?”

నాకు తెలియదు. ఎవరూ నన్నెప్పుడూ అడగలేదు. “వస్తాయి, అంతే” అన్నాను.

“చేపను నీళ్ల గురించి అడగడం నాదే తప్పు” అంది.

తర్వాత కరోనా వచ్చి ఇంటి గేటు మూతపడింది. నెలల తరబడి ఆ ఇంట్లోనే ఉన్నాం. అప్పుడు ఉల్లిపాయలు తరుగుతూ, చేపలు బాగుచేస్తూ ఆమె తన ఊరి గురించి చెప్పేది. ఆ దీవి నడిమధ్యన నిప్పుకొండ ఉంది. ఆమె దాన్ని ‘జబల్ నార్’ అనేది. కొండ వాలు మీద, రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి గంట నడిస్తే వాళ్ల ఊరు. నేలంతా ఎప్పుడో కొండ కక్కిన నల్లరాయి. ఎంత వాన కురిసినా ఒక్క వాగు పారదు. రాయి జల్లెడలా తాగేస్తుంది. బావి తవ్వితే నీరు పడదు. అందుకే ఇంటి కప్పు మీద పడిన వానను గొట్టంతో దించి, ఇంటి పక్కన తొట్టెలో నింపుకుంటారు. వానలు ఆగాక, మే చివరి నుంచి అక్టోబరు దాకా, అయిదు నెలలు ఆ నీళ్లే. ఒకసారి కొండ బూడిద కక్కితే ఊళ్లో తొట్లన్నీ బురదైపోయాయట. బతుకుతెరువుకి అరటి, కొబ్బరి, నాలుగు ఆవులు, కొంచెం లవంగం. కుర్రవాళ్లు ఫ్రాన్సు వెళ్లిపోతారు, వెళ్లలేనివాళ్లు తీరం మీది పట్నానికి దిగిపోతారు.

“మరి ఆడవాళ్లో?” అన్నాను.

“ఆడవాళ్లు ఎక్కడికి పోతారు? ఇళ్లు వాళ్లవి కదా.”

వాళ్లలో ఇల్లు కూతురికి వస్తుందట. పెళ్లయితే మొగుడే పెళ్లాం ఇంటికి వచ్చి ఉంటాడు. మా వైపు ఇల్లరికం అల్లుడంటే వెక్కిరింత, మీ ఊళ్లో అందరూ ఇల్లరికమేనా అని నేను కడుపుబ్బా నవ్వాను. ఆమె నవ్వలేదు. “నీ ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?” అని అడిగింది. మా మరిది పేరు మీద ఉందని చెప్పి, మళ్లీ ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను.

కరోనా రెండో ఏడాది, అక్కడ ఎండలు కాస్తున్నప్పుడు ఆమెకొక కబురొచ్చింది. ఊరి బడికి ఉన్నది ఒక్క మాస్టారు. తీరం నుంచి వచ్చి బడి గదిలోనే ఉండేవాడు. ఆయనకు తొట్టె లేదు. రోజుకొక ఇంటివాళ్లు నీళ్లు పోసేవారు, ఎండలు ముదిరాక పోయలేకపోయారు. వచ్చే వానల్లోపు బడికి సొంత తొట్టె కట్టకపోతే తాను ఇక ఉండనని ఆయన చెప్పేశాడు. మాస్టారు పోతే బడి మూత. బడి మూతపడితే పిల్లలున్న ఇళ్లన్నీ పట్నం దిగిపోతాయి. మరియం అక్క మనవరాలు ఆ బడిలోనే చదువుతోంది. “బడి పోతే మా ఊరు ముసలివాళ్లది, ఆవులది అయిపోతుంది” అంది.

ఊళ్లోవాళ్లు తొట్టె మొదలుపెట్టారు. మేస్త్రీ అబ్దు వీడియో పంపితే ఆమె నాకు చూపించింది. గోడలు లేచాయి, మీది సిమెంటు పూత, అదే గిలాబా, ఇంకా చేయలేదు. చూస్తూనే నా నోట్లోంచి మాట జారింది.

“లోపలి మూలలు అలా నిలువుగా వదిలేస్తే అక్కడే పగులుద్ది. మాలు పెట్టి గుండ్రంగా తిప్పాలి, చెయ్యి పెడితే మూల తగలకూడదు.”

ఆమె గరిటె కింద పెట్టింది. “నీకెలా తెలుసు?”

“హేచరీ తొట్లు ఎన్ని కట్టానో లెక్కే లేదు. గిలాబా అయ్యాక పది రోజులు నిండా నీళ్లు కట్టాలి. లేకపోతే నెర్రెలిస్తది.”

ఆమె పగలబడి నవ్వింది. “పది రోజులు నిండా కట్టడానికి నీళ్లే ఉంటే, ఇక తొట్టె ఎందుకే?”

నేనూ నవ్వాను గాని, ఆ మాట నన్ను వదల్లేదు. నీళ్లు లేని ఊళ్లో సిమెంటును తడిగా ఎలా ఉంచాలి? అబ్దు సముద్రపు నీళ్లు తెప్పిస్తానన్నాడట. వద్దని గట్టిగా చెప్పాను. ఉప్పు లోపలి ఇనుమును తినేస్తుందని మా హేచరీల్లో కళ్లారా చూశాను. రెండు రోజులు ఆలోచించాక అరటి గుర్తొచ్చింది. అరటిబోదెలు నిలువునా చీల్చి, పొరలు విప్పి గోడలకు ఆనించి, పైన ఆకులు కప్పితే చెమ్మ పోదు. ఎండలో పోసిన గోడకు మా పెద్ద మేస్త్రీ అలా చేయడం ఒకసారి చూశాను. అయినా సాయంత్రానికొకసారి కొంచెం మంచినీళ్లు చల్లక తప్పదు.

మరియం అక్క ఇదంతా ఫోనులో తన గొంతుతో చెప్పి పంపింది. ఊరి పెద్దలు నవ్వారట. మరియం అరబ్బుల ఇంట్లో బియ్యం ఉడకబెడుతుంది, తొట్లు కట్టడం ఎప్పుడు నేర్చిందన్నారట. ఆమెకు కోపం రాలేదు. “గొంతు గాలికి పోతుంది. కాగితం మసీదు గోడకు అంటుకుంటుంది” అని ఒక తెల్లకాగితం తీసింది. చిన్నప్పుడు చెక్క పలక మీద ఖురాను రాయడం నేర్చుకున్న చెయ్యి ఆమెది. తన భాషనే అరబ్బీ అక్షరాల్లో రాసేది. నేను చెప్తుంటే ఒక్కో మాట రాసింది. ఇసుక ఎంత అంటే “చాలినంత” అన్నాను.

“చాలినంత అని రాయలేను. మా మేస్త్రీకి నీ చెయ్యి లేదు. ఎన్ని పారలు?”

నా జన్మలో నేను చేసిన పనిని ఎవరూ అంత వివరంగా అడగలేదు. మాలు మోసేవాళ్లు మోస్తారు, చెప్పేది మేస్త్రీ. అలాంటిది నా నోటి నుంచి వచ్చినవి తొమ్మిది మాటలు వరసగా కాగితం మీద నిలబడ్డాయి. అడుగున కొంచెం చోటు వదిలి, పెన్ను నా చేతిలో పెట్టింది.

“చెప్పింది ఎవరో ఉండాలి. పేరు రాయి.”

“వేలిముద్ర వేస్తానక్కా.”

ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. “మా భాషకు సొంత అక్షరాలు లేవు. ఒకసారి అరబ్బులవి, ఒకసారి ఫ్రాన్సువాళ్లవి తెచ్చుకుని రాసుకుంటాం. మీ భాషకు సొంతవి ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“ఉండీ నువ్వు వేలు చూపిస్తున్నావు. రేపు జుమ్మా, శుక్రవారం నమాజుకి ఊరంతా చేరుతుంది. ఈలోగా రాయి.”

ఆ మధ్యాహ్నం ఇంట్లోవాళ్లు పడుకున్నాక మా చెల్లెలికి ఫోను చేశాను. అది అంగన్‌వాడీ టీచరు. “ఏంటక్కా, నలబయ్యారేళ్లకి మా బళ్లో జేరతావా? గుడ్డు కూడా పెడతాం” అంది. “వాగకుండా నా పేరు రాసి ఫొటో పంపవే. పెద్దగా రాయి” అన్నాను. వీరవేణి. నాలుగక్షరాలు. పిండి సంచి కాగితం మీద ఎన్నిసార్లు రాశానో తెలియదు. తెలుగు ఒక్క ముక్క రాని మరియం అక్క పక్కన కూర్చుని, ఫొటోతో పోల్చి తప్పులు పట్టింది. “రెండో గిన్నెకి మూత మర్చిపోయావు. మొదటిదానికి పిడి వంకరపోయింది.” ఆమె కంటికి మన అక్షరాలన్నీ గిన్నెలూ మూతలే. సాయంత్రం టీ వేళకు నాలుగు గిన్నెలూ మూతలతో సహా కాగితం మీద నిలిచాయి. ఆమె ఫొటో తీసి పంపింది.

మర్నాడు ఫొటోలోని ఆ కాగితాన్ని మసీదు దగ్గర చదివారు. అడుగున ఉన్న గుండ్రటి గీతలేమిటని అడిగారట. అబ్దు కుర్రతనంలో సౌదీలో పనిచేసినవాడు. అలాంటి రాత అక్కడ కట్టడం పనిచేసే ఇండియావాళ్ల సామాన్ల మీద చూశానని, ఆమె నిజంగానే తొట్లు కట్టే మనిషై ఉంటుందని అన్నాడట. మూలలు తిప్పారు. గిలాబా ఒక్క ఊపున ముగించారు. అరటిబోదెలు ఆనించారు. సాయంత్రం చల్లడానికి ఇంటికొక గిన్నె చొప్పున తెమ్మన్నారు. అది ఎండల చివర, తొట్లు అడుగంటే కాలం. అదీ వీడియోలో చూశాను. ఆడవాళ్లు వరసగా నిలబడి తాగే నీళ్లు తెచ్చి గోడ మీద చల్లుతున్నారు. ఒక ముసలావిడ గిన్నె కూడా కాదు, గ్లాసు తెచ్చింది.

“అక్కా, తొట్టె కారితే?” అన్నాను.

“కారితే దాహం మాకు, సిగ్గు నీకు” అంది. నా మొహం చూసి మెత్తబడింది. “పేరు పెట్టి చెప్పావు కదా. భయం ఉన్నవాళ్లే సరిగ్గా చెప్తారు.”

పది రోజులు అలా పోశారు. తర్వాత నెలన్నర ఎదురుచూశాం. నవంబరులో ఒక పూట ఆమె చేపల పులుసు కలుపుతుంటే ఫోను మోగింది. వీడియో కాల్‌లో వాన వెలిసిన వెలుగు, బడి కప్పు, అంచుదాకా నిండిన తొట్టె. అబ్దు పొడిగుడ్డతో బయటి గోడలు తుడుస్తూ చుట్టూ తిరుగుతున్నాడు. ఒక గోడ తుడిచి గుడ్డ చూపించాడు, పొడి. రెండోది పొడి. మూడోదాని అడుగున గుడ్డ తడిసింది. “పైన చూడు, గొట్టం కింద” అని మరియం అక్క అరిచింది. కప్పు నుంచి దిగే గొట్టం అతుకు దగ్గర చుక్కలు రాలుతున్నాయి. అబ్దు అతుకు బిగించాడు, గోడ తుడిచాడు, కాసేపు ఆగి మళ్లీ తుడిచాడు. గుడ్డ పొడిగా వచ్చింది.

“ఖలాస్” అంది మరియం అక్క. పొయ్యి ఆపి, వంటింటి నేల మీద అలాగే కూర్చుండిపోయింది. మాస్టారు ఉండిపోయాడు. ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉన్నాడు.

ఆ తర్వాత ఆమె నన్ను పేరుతో ఆగనివ్వలేదు. చెల్లెలు ఫొటోలు పంపేది, నేను రాసేదాన్ని, మరియం అక్క దిద్దేది. తనకు రాని అక్షరాలను నాకు నేర్పిన మనిషి ఆమె. నిన్నటి అక్షరానికీ ఇవాళ్టి అక్షరానికీ తేడా వస్తే ఒప్పుకునేది కాదు. ఏడాదిన్నరకు కూడబలుక్కుని చదవగలిగాను. అప్పుడు నాకొక నోటుపుస్తకం కొనిచ్చి, రోజుకొక సంగతి రాయమంది. రాయడానికి నాకేం తెలుసన్నాను. “ఎన్ని గిన్నెలు తోమావో రాయకు. నువ్వు పోతే నీతో పాటు పోయేదేదో అది రాయి” అంది. అలా ఇసుకలో మట్టి ఎంత ఉందో పిడికిలితో ఎలా తెలుస్తుందో రాశాను. తాటాకు కప్పు ఎటునుంచి మొదలుపెట్టాలో రాశాను. పీతకు కండ పట్టిందో లేదో పట్టుకుని ఎలా చెప్పాలో రాశాను. మొట్టమొదట రాసింది మాత్రం ఆ తొమ్మిది మాటలు, ఈసారి నా అక్షరాల్లో. రాస్తూ ఒక పొరపాటు దిద్దాను. గిన్నెడు నీళ్లు ఒక్కసారి చల్లేకంటే, పొద్దున సగం, సాయంత్రం సగం చల్లితే ఇంకా తక్కువ నీళ్లతో సరిపోతుంది.

పెద్దావిడ కాలం చేశాక మరియం అక్క తన ఊరు వెళ్లిపోయింది. చాలామంది పట్నంలో ఇల్లు కట్టుకుంటారు, ఆమె కొండ మీదికే వెళ్లింది. నేను ఇదే వీధిలో ఇంకో ఇంట్లో పనిచేస్తున్నాను. సెలవుకి వెళ్లి ఊళ్లో ఇంటి కాగితాల మీద నా పేరు చేర్పించుకున్నాను, చదివాకే సంతకం పెట్టాను. మా మరిది ఆశ్చర్యపోయాడు.

మొన్న తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. మరియం అక్క ఊరికి పైన, కొండకు ఇంకా దగ్గరగా ఉన్న ఊరి మేస్త్రీ అట, అరబ్బీ వచ్చు. వాళ్ల బడికీ తొట్టె కడుతున్నారు. కాగితం కోసం మరియం దగ్గరికి వెళితే ఇవ్వలేదట. “అది నాది కాదు, అసలు మనిషి ఫుజైరాలో ఉంది, ఆమెనే అడుగు” అని నా నంబరు ఇచ్చిందట. నేను నోటుపుస్తకం తీసి మొదటి పేజీ తెరిచాను. ఒక్కో మాట తెలుగులో చదువుకుంటూ, అరబ్బీలోకి మార్చి చెప్పడం మొదలుపెట్టాను.

“నెమ్మదిగా చదవండమ్మా, రాసుకుంటున్నాను” అన్నాడు మేస్త్రీ.

“అలాగే నాయనా” అన్నాను. “నాకు వచ్చింది నెమ్మదిగా చదవడమే.”