వినేవాళ్లకే అమ్మే దుకాణం

కోరాపుట్‌లోని ఆ రికార్డుల దుకాణం మీద నాకు మొదటిరోజే అనుమానం కలిగింది. అక్కడ కొత్త రాక్ ఆల్బమ్‌ల కంటే వాడినవాటి ధర ఎక్కువ. నేను లెక్కలు బడిలో కాదు, రాయగడ బియ్యం మిల్లులో కాటా పక్కన నిలబడి నేర్చుకున్నాను. పాత బియ్యానికి ధర ఎక్కువని నాకూ తెలుసు. కానీ ఒకసారి వండేసిన బియ్యానికి ఎక్కువ అడిగినవాణ్ణి మాత్రం అంతవరకు చూడలేదు.

"ఇవి మొదట అచ్చయినవండి. మళ్లీ రావు," అన్నాడు దుకాణదారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కిరాణా కుటుంబం వాళ్లది. తాత ఉల్లిపాయలు అమ్మిన రేకుల గదిలోనే మనవడు గిటార్ పాటలు అమ్ముతున్నాడు.

నేను వెళ్లింది రాయగడలో మా పక్క వాటాలో ఉండే అక్కకు తోడుగా. ఆమె నర్సుగా రిటైరైంది. భర్త పోయాక, గుణుపురంలో చెల్లెలి దగ్గరికి మారిపోదామనుకుంది. అక్కడున్నది ఒక్క గది. అందుకని భర్త దాచుకున్న రాక్ రికార్డులన్నీ అట్టపెట్టెలో సర్ది అమ్మడానికి తెచ్చింది. ఆ పాటలు నేను మధ్యగోడ ఇవతల నుంచి ఏళ్ల తరబడి విన్నాను. ఇంగ్లీషు మాటలు అర్థమయ్యేవి కావు. డ్రమ్ము దెబ్బలు లెక్కపెట్టుకునేవాణ్ణి.

అక్క పెట్టె మీద చెయ్యి తియ్యకుండానే చెప్పింది: "బావూ, గోడకి తగిలించుకునీవోలకి మాత్రం ఇవ్వకు. ముల్లు పెట్టి వినీవోలకే ఇయ్యి. మా ఆయన పాటలు మోగాల."

"అలగేనమ్మా. నా కొట్లో పాతది కొనాలంటే ఒక పక్క పూర్తిగా ఇక్కడ కూకుని వినాల. ఆ తరవాతే బేరం."

బయటికొచ్చాక అన్నాను: "అంత తియ్యగా మాటాడీవోణ్ణి నమ్మకూడదక్కా."

"నువ్వు మీ ఆవిడిచ్చిన టీలో పంచదార కూడా కొలిసే రకానివి. నడు," అంది.

కొన్ని నెలల తర్వాత మిల్లు పని మీద సెమిలిగుడ వెళ్లాను. పర్యాటకులు దిగే ఒక ఇంట్లో టీ తాగుతూ గోడకేసి చూశాను. నల్లటి రికార్డుకు ముళ్లు బిగించి గడియారం చేశారు. మధ్యలో ఉన్న కాగితం మీద ఎర్రటి చుక్క. అది గోళ్ల రంగు. కళ్లజోడు తీసేస్తే ఏ పక్క ముందు పెట్టాలో అక్క భర్తకు తెలిసేది కాదు. అందుకని అక్కే ఆ చుక్క పెట్టేది. ఎక్కడ కొన్నారని అడిగితే, కోరాపుట్ దుకాణంలోనే అన్నారు.

టీ సగంలో వదిలేసి దుకాణానికి వెళ్లాను. గడియారం మాట ఎత్తగానే అతని ముఖం వాడిపోయింది.

"ఎండకి రేకులు కాగిపోయి ఆ ఏడికి అదొక్కటీ ఒంగిపోయిందండి. ముల్లు నిలవనేదు. అమ్మకి సెప్పడానికి మొకం సెల్లనేదు."

"మిగతావి కూడా గడియారాలేనా? నీ కొట్లో టైముకి లోటు నేదన్నమాట."

"నేదండి! జయపురంలో డ్రమ్ములు వాయించీ ఆయన అన్నీ పట్టుకెళ్లేడు. ఈ కుర్చీలోనే కూకుని విన్నాడు."

"ఎవరు సూసేరు?"

అతను ఆ డ్రమ్ములాయనకు ఫోన్ చేసి, ఆకుపచ్చ అట్ట రికార్డు పెట్టమన్నాడు. ఫోన్‌లోంచి గిటార్ వచ్చింది. ఫోన్‌లో ఎవరైనా ఏదైనా వినిపించొచ్చు. అదే పాట ఇంకెన్ని ఇళ్లలో లేదు? ఆపమనబోయాను. అంతలో దరువులో ఒక దెబ్బ ఎగిరిపోయి పాట ముందుకు గెంతింది. గీత పడ్డ చోటు. గోడ అవతల కూడా సరిగ్గా అక్కడే గెంతేది. నమ్మక తప్పలేదు. అలాగని అతన్ని మెచ్చుకోనూ లేదు.

గుణుపురం ప్రయాణం అక్క ఇంకా వాయిదా వేస్తూనే ఉంది. రాయగడ వచ్చి ఆమెకు రెండు సంగతులూ చెప్పాను. ఆమె ముందు గడియారం దగ్గరే ఆగిపోయింది.

"ఒంగిపోతే ఒంగిపోయిందని నాకు సెప్పొచ్చు కదా." నా వైపు తిరిగింది. "మిగతావి మోగుతున్నాయన్నది నిజమేనా? నా మనసు కష్టపెట్టకూడదని కథలల్లుతున్నావా?"

నాకు రోషం వచ్చింది. ఇన్నేళ్లలో అందరినీ నేను అడిగానే గాని, నన్ను అలా అడిగినవాళ్లు లేరు. దుకాణంలో రాసుకున్న డ్రమ్ములాయన నంబరు తీసి ముందు పెట్టాను. ఆమె దానికేసి చూడను కూడా లేదు.

"ఫోన్లో ఏటి తెలుస్తాది? రేపు బండికి జయపురం ఎల్దాం. రికార్డులు నిలబెట్టి ఉంచేడో, ఒకదాని మీద ఒకటి పేర్చేడో, కిటికీలోంచి ఎండ తగుల్తాదో సూడాల. బాగోనేదా, డబ్బులిచ్చీసి తెచ్చుకుందాం."

"కొనుక్కున్న మనిషి ఊరుకుంటాడేటి?"

"ఊరుకోడు. దెబ్బలాడ్డానికి నువ్వున్నావు కదా."

లోపలికి వెళ్లి ఒక ఖాళీ గోనెసంచి తెచ్చింది. అంత బరువు ఆపుతుందో లేదో అని దాని చెవులు రెండూ గట్టిగా లాగి చూసింది.