తెరేసమ్మ ఊ అనలేదు

హనుమాన్ జంక్షన్‌కి ఆనుకుని ఉన్న ఆ ఊళ్లో, తెరేసమ్మ ముఠా నాటిన చేను ఏదో చూడగానే చెప్పేయొచ్చని రైతులంటారు. రైతులు అనేదాకా ఆగడమెందుకని ఆ మాట తెరేసమ్మే ముందు అనేస్తుంది. ఆవిడకి మొహమాటం తక్కువ. పాతికమంది ఆడవాళ్లని తెల్లారేసరికి గట్టు మీద నిలబెట్టి, ఏ మడికి ఎవరో సర్ది, పొద్దు వాలకముందే నాటు ముగించే మనిషికి మొహమాటం ఉంటే పని సాగుతుందా? ఇప్పుడు మోకాళ్లు సహకరించక బురదలోకి దిగడం మానేసింది గానీ, గట్టు మీద కుర్చీ వేయించుకుని మరీ కేకలేస్తుంది.

ఆవిడకి ఒక్కతే కూతురు, డయానా. విజయవాడలో కాలేజీ లెక్చరరు, పటమటలో కాపురం. రెండేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా కూర్చుని తల్లి జీవితాన్ని పుస్తకంగా రాసింది. అది చదివి పబ్లిషరుగారు కళ్లు తుడుచుకున్నారట. జనవరిలో బుక్ ఎగ్జిబిషన్‌కి తెచ్చేద్దామన్నారు. డయానా మాత్రం ఒక పట్టు పట్టింది. "మా అమ్మ మొత్తం వినాలండీ. ఆవిడ ఊ అంటేనే అచ్చుకిద్దాం" అని చెప్పి, ఆదివారం చర్చిలో పూజ అయ్యే వేళకి కాగితాల కట్టతో ఊళ్లో దిగింది.

తెరేసమ్మకి చదువు రాదు. వినడంలో మాత్రం ఆవిణ్ణి మించినవాళ్లు లేరు. ఫాదర్‌గారు కిందటేడు చెప్పిన ప్రసంగమే మళ్లీ చెబితే చర్చి మెట్ల మీదే పట్టుకుని అడిగేస్తుంది. కోడికూర పొయ్యి మీద పెట్టి, పీట లాక్కుని కూర్చుని, "ఇక చదువు" అంది కూతురితో. పైకి గట్టిగానే అంది గానీ లోపల ఒకటే ఆత్రం. తన మీద పుస్తకం! ముఠాలో ఆడవాళ్లకి చదువు రాకపోయినా వాళ్ల పిల్లలకి వచ్చు. రేపు ఇంటింటా చదివి వినిపిస్తారు.

డయానా చదివింది. బాగా రాసింది కూడా. మొదటి అధ్యాయంలో భర్త మరియదాసు కామెర్లతో పోయాడు. అది వింటుంటే తెరేసమ్మకి నిజంగానే కళ్లు చెమ్మగిల్లాయి. రెండో అధ్యాయంలో తెరేసమ్మ గంజి తాగుతూ ఏడ్చింది. మూడోదాంట్లో వానలో తడుస్తూ ఏడ్చింది. నాలుగోదాంట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మధ్యలో కూర దించి వచ్చేసరికి అయిదోది మొదలైంది, అందులోనూ ఏడుస్తూనే ఉంది.

"ఆగమ్మా. ఈ ఏడ్చే ఆవిడెవరు?" అంది తెరేసమ్మ.

"ఎవరేంటమ్మా, నువ్వే."

"నేనా? నేనింత ఏడిస్తే ఊళ్లో నాట్లు ఎవరేశారు?"

డయానా నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది.

"గుణదల తిరనాళ్లకి ముఠా మొత్తాన్నీ ట్రాక్టరెక్కించి తీసుకెళ్లేదాన్ని. తెరేసమ్మతో వెళ్తే తప్పిపోమని హిందువుల ఆడాళ్లు కూడా నా వెనకాలే కొండెక్కేవాళ్లు. అదుందా?"

"లేదు."

"పక్కూరి ముఠాతో పందెం కట్టి, వాళ్లకంటే ముందు గట్టెక్కి, వాళ్ల చేత మా అందరికీ గోళీసోడాలు తాగించా. పోనీ అదుందా?"

"నువ్వెప్పుడూ చెప్పలేదు కదమ్మా!"

"నువ్వడిగిందేంటి? ఎంత కష్టపడ్డావో చెప్పమ్మా అన్నావు. కష్టం అడిగితే కష్టమే చెప్తారు."

డయానా కాగితాలు ఒళ్లోకి దించుకుంది. "నేనేం అబద్ధం రాయలేదమ్మా. నువ్వు చెప్పిందీ, నా కళ్లతో చూసిందీ రాశాను. నేను చూసినప్పుడల్లా నువ్వు ఏడుస్తూనే ఉన్నావు."

ఆ మాటకి తెరేసమ్మ మనసు కరిగిపోయింది. ఊ అనేస్తే సరిపోతుంది, రెండేళ్ల కష్టం, పిల్ల సంబరపడుతుంది. కానీ ఊ అంటే, రేపు ఇంటింటికీ వెళ్లేది ఈ ఏడ్చే ఆవిడే. తను పోయాక ఊళ్లో మిగిలేదీ ఈవిడే. గట్టు మీద నిలబడి బతికిన తెరేసమ్మ ఎవరికీ తెలియకుండా పోతుంది. అది ఆవిడకి చచ్చినా ఇష్టం లేదు.

"నన్నెక్కడ చూశావే నువ్వు?" అని మెల్లిగా అడిగింది.

డయానా ఆలోచనలో పడింది. తండ్రి పోగానే తనని విజయవాడలో సిస్టర్ల హాస్టల్లో వేశారు. నాట్లప్పుడు తను బళ్లో ఉండేది. వేసవి సెలవులకి ఇంటికొస్తే కాలవలు కట్టేసి, చేలు ఎండిపోయి ఉండేవి. అమ్మ పని చేస్తుండగా చూసే వీలే లేకపోయింది. నెలకోసారి ఆదివారం అమ్మ వచ్చేది. సాయంత్రం గంట కొట్టగానే వెళ్లిపోయేది.

"గేటు దగ్గర" అంది డయానా.

"మరి? బిడ్డని వదిలేసొచ్చే తల్లి గేటు కాడ ఏడవక నవ్వుద్దా? నిన్ను వదలాలి కాబట్టి ఏడ్చా. నువ్వు చూడనప్పుడు నేనెట్టా ఉన్నానో నీకేం తెలుసు?"

డయానా ఒళ్లో కాగితాలు అలాగే పెట్టుకుని ఏడ్చేసింది. తెరేసమ్మ దగ్గరికి లాక్కుని, కొంగుతో కూతురి మొహం తుడిచింది. "చూడు, ఏడ్చేదెవరో ఇప్పుడు తెలిసింది" అని వెక్కిరించింది కూడా. డయానాకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"రాసింది చింపమాకు. అదీ నిజమే. కానీ అక్కడే ఆగిపోయావు" అంది తెరేసమ్మ.

కోడికూరతో అన్నం తిన్నాక డయానా పబ్లిషరుగారికి ఫోన్ చేసింది. జనవరికి కుదరదని చెబితే ఆయన లబోదిబోమన్నారు. ఎగ్జిబిషన్ మళ్లీ ఏడాదికి గానీ రాదన్నారు. కన్నీళ్లు పెట్టించే పుస్తకాన్ని ఎవరైనా ఆపుకుంటారా అన్నారు.

"మా అమ్మ ఊ అనలేదండీ" అని చెప్పి డయానా ఫోన్ పెట్టేసింది. తర్వాత కాగితాల కట్ట తిరగేసి, ఖాళీగా ఉన్న వైపు పైకి పెట్టుకుని, పెన్ను తీసింది. "ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటావమ్మా?"

తెరేసమ్మ పెద్దగా ఆలోచించలేదు.

"నువ్వు లోపలికెళ్లిపోయాక నేను బస్సెక్కేదాన్ని చూడు, అక్కణ్ణుంచి రాయి. గన్నవరం దాకా ఏడ్చేదాన్ని. గన్నవరం దాటాక, పొద్దున్నే ఎవరి చేలో దిగాలా అని ఆలోచించుకునేదాన్ని."