యెఫ్తా ఇంటి నక్షా

సిరిసిల్లలో మా మేనమామ ఇంటికి ముందు గది సాంచెలది. నాలుగు మరమగ్గాలు అందులో ఆడుతుంటే వెనుక గదిలో మనుషులు గొంతు పెంచి మాట్లాడుకోవాలి. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో ఆ సాంచెలు తరచూ ఆగేవి. బంద్‌కు ఆగేవి, కరెంటు కోతకు ఆగేవి, ఎవరో పిల్లవాడు ప్రాణం తీసుకున్నాడన్న కబురుకు ఆగేవి. మొదటి రెండింటికీ జనం గల్లీలోకి వచ్చి ముచ్చట్లు పెట్టేవారు. మూడోదానికి ఎవరూ బయటికి వచ్చేవారు కాదు.

చౌరస్తాలో దీక్షా శిబిరం ఉండేది. టెంటు వెనుక గుడ్డకు చనిపోయిన పిల్లల ఫొటోలు వరుసగా కట్టేవారు. మామతో కలిసి పనిచేసే ఒకతని కొడుకు ఫొటో కూడా ఒకరోజు ఆ వరుసలో చేరింది. ఆ పిల్లవాణ్ణి మోసినవాళ్లలో మామ ఒకడు.

ఆ వారమే కోరుట్లలో మా చర్చిలో ఉపవాస ప్రార్థన జరిగింది. నేను జగిత్యాలలో సివిల్ డిప్లొమా చదివి, కోరుట్ల దగ్గర కాలువ పనుల్లో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ప్రార్థనకు మామ కూడా వచ్చాడు. ఎప్పుడూ వెనుక చాపలో కూర్చుని పెదవులు కదిపే మనిషి, ఆ రోజు లేచి నిలబడ్డాడు.

"ప్రభువా, ఇంకో పిల్లగాడు పోకముందే తెలంగాణ ఇయ్యి. నువ్విస్తే నా ఒక్క బిడ్డను నీ సేవకు ఇస్త."

అందరూ ఆమేన్ అన్నారు. పిల్లల్లో ఒకరిని సేవకు ఇస్తామని మొక్కుకోవడం మావాళ్లలో వింత కాదు. రోగం తగ్గాలని మొక్కుకుంటారు, గల్ఫ్‌కు పోయిన కొడుకు క్షేమంగా రావాలని మొక్కుకుంటారు. ఆడపిల్లను ఇస్తే ఆమె ఎక్కడో దూరంగా సేవకురాళ్లు ఉండే ఆశ్రమానికి వెళ్లిపోతుంది. చదువు ఆగుతుంది, పెళ్లి ఉండదు. ఇంటికి రావాలంటే అక్కడి పెద్దలు ఒప్పుకోవాలి. మామ బిడ్డ అప్పటికి జగిత్యాలలో నర్సింగ్ చదువుతోంది. ఆమెను ఎవరూ అడగలేదు. మా అత్తనూ అడగలేదు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో టీవీ వార్తలు వినే తీరు మారింది. ఢిల్లీలో ఏదైనా కదలిక ఉందంటే గల్లీలో ఈలలు పడేవి, అత్త మాత్రం లేచి వెనుక గదిలోకి వెళ్లేది. మరదలు హాస్టల్ నుంచి ఫోన్ చేసి అడిగేది. "బావా, గీయేడు ఇచ్చేటట్టే ఉన్నరా?" రాష్ట్రమంతా అడుగుతున్న ప్రశ్నే. ఆమె గొంతులో మాత్రం అది వేరే ప్రశ్న.

మామ మళ్లీ మా చర్చికి వచ్చిన ఒక ఆదివారం పాస్టర్ అయ్యగారు యెఫ్తా కథ చెప్పారు. యుద్ధంలో గెలిపిస్తే, తిరిగొచ్చినప్పుడు తన ఇంటి తలుపులోంచి ఎదురొచ్చేదాన్ని దేవునికి అర్పిస్తానని మొక్కుకున్న సేనాని అతడు. గెలిచి వచ్చాడు. తంబురలతో నాట్యం చేస్తూ ఎదురొచ్చింది అతని ఒక్కగానొక్క కూతురు. మొక్కు తప్పలేదు. "చంపలేదు, జీవితాంతం సేవకే అప్పగించాడని కొందరు పండితులంటారు" అని అయ్యగారు మామ వైపు చూశారు. "మొక్కుకొని తప్పితే, దేవుడే వచ్చి తీసుకుంటాడు."

ఆ చివరి మాట మామ ఒంట్లోకి దిగింది. దారం పదేపదే తెగినా, బిడ్డకు జ్వరం వచ్చినా, సాంచె ఆపి కాసేపు అలాగే నిలబడేవాడు, ఎవరో తలుపు కొట్టారేమో వింటున్నట్టు.

నేను ఆ కథను నాకు తెలిసిన పద్ధతిలో విప్పడానికి కూర్చున్నాను. పాత వ్యాఖ్యాన గ్రంథాలు తెచ్చుకుని చదివి, విషయాన్ని మూడు ముక్కలు చేసుకున్నాను. ఒకటి, ఇల్లు. యెఫ్తా కాలపు కొండ ఊళ్లలో ఇంటి కింది భాగంలో రాతి స్తంభాల మధ్య మేకలు, గొర్రెలు ఉండేవి. మనుషుల పడక వెనుకనో మేడమీదనో ఉండేది. తలుపు తీస్తే ముందు వచ్చేది పశువే అనుకుని యెఫ్తా మొక్కి ఉండవచ్చు. రెండు, బైబిల్లోని ధర్మశాస్త్రం. దేవునికి ఇస్తానని మొక్కిన మనిషిని వెండి చెల్లించి విడిపించుకునే వీలు అందులోనే ఉంది. మూడు, కాలం. రాజు లేక ఎవరికి తోచింది వాళ్లు చేసిన రోజులవి. యెఫ్తా కథ ఉన్న గ్రంథంలో ముందుకు పోయేకొద్దీ ఘోరాలు పెరుగుతాయి. అది నడుచుకోవాల్సిన దారి కాదు, దిగజారిన జనం కథ. గ్రాఫ్ కాగితం మీద ఆ ఇంటి నక్షా కొలతలతో గీశాను.

బస్సులు బంద్. కాల్చిన టైర్ల మసి దాటుకుంటూ బండి మీద సిరిసిల్ల వెళ్లాను. మరదలు సెలవుకు ఇంట్లోనే ఉంది. అత్త బీడీలు చుడుతోంది. నక్షా నేల మీద పరిచి మూడు ముక్కలూ చెప్పాను. మామ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ ఇల్లు మన ఇంటి లెక్కనే ఉంది గదా. మేకల జాగల సాంచెలు పెడితే."

"అవును మామా."

"మరదలి కోసం ఇంత పెద్ద నక్షా గీసినవా అల్లుడా? ఉత్తగనే అడిగితే అయిపోతుండె గదా."

వెనుక నుంచి మరదలు అందుకుంది. "నాకు ఆశ్రమం వద్దు, బావ వద్దు. నాకు పరీక్షలున్నయి."

అత్త ఫక్కున నవ్వింది. మామ కూడా నవ్వాడు. చాలా రోజులకు ఆ ఇంట్లో నవ్వు విన్నాను. కానీ మామ ముఖం వెంటనే మారిపోయింది.

"అంత బాగనే చెప్పినవ్ గని, గిది చెప్పు. అబ్రాహాము కొడుకు మీద కత్తి ఎత్తినప్పుడు దేవుడు ఆపిండు. యెఫ్తాను ఎందుకు ఆపలే? ఊకనే ఉన్నడు. అంటే తీసుకున్నట్టే గదా?"

నేను నక్షాను మళ్లీ నా వైపు తిప్పుకున్నాను. అత్త చేతిలో ఆకు ఆగిపోయింది.

"గా పిల్లకు తల్లి లేదార, అల్లుడా?"

"రాయలేదత్తా. తల్లి మాటే లేదు."

"అందుకే" అంది. మళ్లీ బీడీ చుట్టడం మొదలుపెట్టింది.

కొన్ని నెలలకు ఒక సాయంత్రం తెలంగాణ వచ్చేసిందని టీవీలో చెప్పారు. నేను ఆ రోజు సిరిసిల్లలోనే ఉన్నాను. ఊరంతా ఒక్కసారిగా బయటికి ఉరికింది. పటాకులు, డప్పులు, గులాల్. సాంచెలన్నీ ఆగాయి. చౌరస్తాలో ఉన్న మామ ముఖమంతా రంగుతో, డప్పుల గుంపును వెంటబెట్టుకుని గల్లీలోకి తిరిగాడు. గంతులేయడం లేదు. నడుస్తున్నాడంతే.

డప్పు వినగానే మరదలు తలుపు వైపు ఉరికింది. అత్త ఆమె జబ్బ పట్టి వెనుక గదిలోకి నెట్టి గొళ్లెం పెట్టింది. "అమ్మా, నేను చూస్త" అని లోపలి నుంచి అరుస్తూనే ఉంది. అత్త సాంచెల మధ్యగా నడిచి గుమ్మంలో నిలబడింది.

"ముందుగాల నేనే వచ్చిన. ఇయ్యాల్నంటే నన్నియ్యి."

"నేను మొక్కింది బిడ్డను" అన్నాడు మామ. డప్పులు ఒక్కొక్కటే ఆగాయి.

"నన్నడిగి మొక్కినవా? దేవుడు యెఫ్తాను ఆపలే అన్నవ్ గదా. నేను ఆపుతున్న."

"రేపు ఆయన అడిగితే?"

"నన్నడగమను."

మామ గుమ్మం ముందు మట్టిలో కూర్చున్నాడు. చెమటకు గులాల్ మెడ మీదుగా కారుతోంది. నా వైపు తిరిగి అన్నాడు. "పొద్దుగాల దాన్ని జగిత్యాలల దింపు. పరీక్షలున్నయంటది."

మరదలు ఇప్పుడు అక్కడే ఆసుపత్రిలో నర్సు. అయ్యగారు మామతో ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఏ కీడూ జరగలేదు. అయినా మామ ఇంటికి వచ్చేటప్పుడు గల్లీ మలుపులోనే గట్టిగా దగ్గుతాడు. అది వినగానే బిడ్డ ఇంట్లో ఉన్నా లేకున్నా, అత్త చేతిలో పని వదిలేసి, సాంచెలు దాటి, ముందుగా గుమ్మంలోకి వెళ్లి నిలబడుతుంది.